వరసకి చెల్లెల్ని

ఒక సినిమా సీను చాలా ఏళ్ళుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. దాని మీదే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను, పిల్లల్ని పెంచాను, పెళ్ళిళ్ళు చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి మిగతా తప్పులన్నీ ఒప్పుకుని, దీని దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచేసి గంట కొట్టి వచ్చేసేదాన్ని. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా ఉంది.

సినిమా సీనేమిటి, గొంతుకు అడ్డం పడటమేమిటి అని నవ్వుకుంటున్నారేమో. కానీ అందరికీ ఉంటాయి కదా అలాంటివి. సినిమా పేరు మర్చిపోతాం, కథ మర్చిపోతాం, ఒక్క సీను మాత్రం ఉండిపోతుంది. తాళంచెవుల గుత్తి గుమ్మంలో పెట్టి వెనక్కి చూడకుండా నడిచిపోయిన పెద్దకోడలు. కొడుకు పెళ్ళిలో ఆఖరి బంతిలో కూర్చుని, ఎవరూ గుర్తుపట్టకుండా తినేసి వెళ్ళిపోయిన తండ్రి. ఎందుకు ఉండిపోతాయో ఇవి? పాటలు కావు, ఫైటింగులు కావు. అక్కడ ఎవరో ఒకరు, మనం జన్మలో చేయలేని పని ఒకటి, పెద్దగా మాట్లాడకుండా చేసేసి ఉంటారు. నాకు తెలిసినంతలో అదే కారణం. కానీ నేను చెప్పబోయే సీను వేరు. దాన్ని నేను తెర మీద చూడలేదు. ఎవరూ చూడలేదు.

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆనుకునే చోట ఒక నల్లరేగడి ఊరు. చలికాలం పత్తి తీతలు, ఎండలు ముదిరేసరికి మిరపకాయలు. కాయలు ఎండాక షెడ్డులో రాశులు పోస్తారు. వాటి చుట్టూ ఆడవాళ్ళం కూర్చుని ముచ్చికలు తీసేవాళ్ళం, అంటే కాయ తల మీది తొడిమని గిల్లి పారేయడం. చేతికి పనే కానీ నోటికి పని ఉండదు. నోరు ఊరికే ఉంటే ఘాటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అందుకని సినిమా కథలు చెప్పించుకునేవాళ్ళు. చెప్పేదాన్ని నేను.

ఆదివారం మ్యాట్నీకి అందరూ కలిసి నన్ను పంపేవాళ్ళు. అందరికీ వెళ్ళే తీరిక ఎక్కడిది? నేను పదో తరగతి దాకా చదివాను. జ్ఞాపకం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. సోమవారం షెడ్డులో టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెడితే సాయంత్రానికి శుభం కార్డు పడేది. హీరో నా గొంతుతోనే మాట్లాడేవాడు, విలన్ నా గొంతుతోనే నవ్వేవాడు. మంచి సీను వస్తే మా చేత పని చేయించే మేస్త్రమ్మే నా ముందున్న కాయలు తన వైపు లాక్కునేది, నేను చేతులు ఆడించి చెప్పడానికి. ఏడుపు సీను వస్తే అందరూ హాయిగా ఏడ్చుకునేవాళ్ళు. మిరప షెడ్డులో ఎవరేడ్చినా ఎందుకని అడగరు. ఎవరి ఏడుపు కథకి, ఎవరి ఏడుపు ఇంటికి అనేది తెలిసేది కాదు. ఆ షెడ్డులో నేనే రాణిని. గొప్పకి చెప్పడం లేదు. అంతా అక్కడి నుంచే మొదలైంది కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆమె సంగతి. పేరు మారుస్తున్నాను. కోటమ్మ అంటాను. మా వైపు ప్రతి వీధిలోనూ ఒక కోటమ్మ ఉంటుంది కాబట్టి ఎవరో తెలియదు.

కోటమ్మ నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. పిల్లలు లేరు. మొగుడు చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పనికి వెళ్ళాడు. మొదట్లో తరచూ వచ్చేవాడు, తర్వాత తగ్గించాడు, తర్వాత మానేశాడు. ఇంట్లో కోటమ్మ, ఆమె అత్త పేరమ్మ, ఇద్దరే. వాళ్ళని చూస్తే అత్తాకోడళ్ళని ఎవరూ అనుకోరు. ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్ళు. పనికి కలిసి వచ్చేవాళ్ళు, ఒకే క్యారియర్లోంచి కలుపుకుని తినేవాళ్ళు. కోటమ్మకి పుట్టింటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ ముసలమ్మే ఆమెకి అమ్మ, ఊరు, చుట్టం, అన్నీ.

ఆ ఏడు పత్తి తీసేటప్పుడు కోటమ్మా నేనూ పక్కపక్క సాళ్ళలో పడ్డాం. ముందు రోజే ఆమె చీమకుర్తి వెళ్ళొచ్చింది. మొగుణ్ణి చూసొస్తానని, పేరమ్మ చేసిచ్చిన నువ్వుండలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళింది. ఆ నువ్వుండల్లో పేరమ్మ శొంఠి కొట్టి వేసింది. ఎవరూ వేయరు అలా. కొడుకు రాతి దుమ్ములో పని చేస్తాడు, గొంతు పట్టేస్తుంది, వట్టి శొంఠి తినమంటే తినడు, అందుకని ముసలమ్మ పన్నిన ఉపాయం అది.

మధ్యాహ్నం దాకా మాట్లాడకుండా పత్తి తీసింది కోటమ్మ. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

అక్కడ అడుక్కుంటూ వెళితే ఒక రేకుల ఇల్లు చూపించారట. తలుపు తీసింది ఒక చిన్నవయసు అమ్మాయి, చంకలో పిల్లాడు. మెడలో పుస్తెలు. పిల్లాడి మొహం చూస్తే ఇక అడగాల్సింది ఏమీ లేదట. ఆ అమ్మాయి, ఎండన పడి వచ్చారు అంటూ చెంబుతో నీళ్ళిచ్చింది. కోటమ్మ తాగింది. మీరు ఆయనకి ఏమవుతారండీ అని అడిగింది. కోటమ్మ చెంబు కింద పెట్టి, "వరసకి చెల్లెల్ని" అంది.

మీకు తెలుసో లేదో. మా వైపు ఎవర్నో పిలవబోయి మొగుణ్ణి పొరపాటున ‘అన్నా’ అని పిలిస్తేనే రెండు చెంపలూ వేసుకుంటాం. అంత మాట అది. అలాంటిది నిలబడి, చూస్తూ చూస్తూ, తనంతట తాను చెల్లెలు అయిపోయింది. ఎందుకన్నావక్కా అని అడిగాను. ఆ పిల్ల నవ్వుతా నీళ్ళిచ్చిందే, ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు అంది.

ఆ అమ్మాయి అయ్యో వదినా ముందే చెప్పరేం అని పీట వేసి అన్నం పెట్టిందట. పిల్లాడికి అత్త అని చూపించిందట. వాడు నువ్వుండ ఒకటి కొరికి, అత్తా కారం అన్నాడట. కోటమ్మ అన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, అతను పని నుంచి వచ్చేలోపు బస్సెక్కేసింది. ఇంటికి వచ్చి, ఇచ్చానత్తా, బాగున్నాడు, పని తెమిలితే వస్తానన్నాడు అని చెప్పింది.

ఇదంతా చెప్పి, ఎవరికీ చెప్పనని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఊరు ఏమనుకుంటుందోనని కాదు ఆమె భయం. "మనవడున్నాడని తెలిస్తే మా అత్త నా దగ్గర ఒక్క పూట ఉండదే" అంది. అంతే ఆమె అడిగింది. మొగుడు పోతే పోయాడు, ఆ ముసలమ్మని మాత్రం పోగొట్టుకోలేనని. నేను ఒట్టేశాను. చేతులకి పత్తి నూగు అంటుకుని ఉంది. ఆ ఒట్టు నిజంగానే వేశాను. ఎవరికైనా చెప్పాలని అప్పుడు నాకు లేదు.

తర్వాత మిరపకాయల రోజులు వచ్చాయి. ఒక ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాను. ముందు రోజు మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యం, వంటంతా నా మీదే పడి ఒళ్ళు హూనమైంది. సినిమాలో హీరో పెళ్ళాన్ని పల్లెటూళ్ళో వదిలి పట్నంలో ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. ఇంటర్వెల్లో సోడా తాగి మళ్ళీ కూర్చున్నాను. నెత్తి మీద ఫ్యాను. అంతే గుర్తు. కళ్ళు తెరిచేసరికి తెర మీద అందరూ ఆస్పత్రి మంచం చుట్టూ నిలబడి ఉన్నారు, శుభం పడింది, లైట్లు వెలిగాయి. సెకండాఫ్ మొత్తం నిద్రపోయాను.

సోమవారం షెడ్డుకి వెళ్ళాను. కోటమ్మకి జ్వరం, రాలేదు. పేరమ్మ వచ్చింది. ఫస్టాఫ్ బ్రహ్మాండంగా చెప్పాను. అన్నాలు తిన్నాక అందరూ నా చుట్టూ చేరారు. పెళ్ళానికి ఎలా తెలిసింది, తెలిసి ఏం చేసింది అని ఒకటే ఆత్రం.

నిద్రపోయాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. మహా అయితే రెండు రోజులు ఏడిపించేవాళ్ళు. సినిమాకి పంపితే కునుకు తీసొచ్చిందిరా మహారాణి అని మేస్త్రమ్మ నలుగురిలో అనేది. అంతే కదా? ఆ మాత్రం పడలేకపోయానా? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. పడలేకపోయాను, అంతే. అంతమంది నా నోటి వంక చూస్తుంటే, లేదు అనే మాట రాలేదు. దాని బదులు ఇంకోటి వచ్చింది. ఆ అమ్మాయి ఒక డబ్బా పట్టుకుని బస్సెక్కింది అని మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక ఆపడం నా చేతిలో లేదు అని మీకు చెప్పుకోవాలని ఉంది. అబద్ధం. ఆపొచ్చు. ఆపలేదు. ఎందుకంటే అది బాగా వస్తోంది. నేను అంతకుముందు చెప్పిన ఏ సీనూ అంత బాగా రాలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వరసకి చెల్లెల్ని అనే చోటికి వచ్చేసరికి షెడ్డంతా ఒక్కసారి చెంపలేసుకుంది. కారం చేతులు. మొహాలు భగ్గుమన్నాయి. ఏడుస్తూ, మంటకి ఊదుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటూ, ఆ తర్వాతేమైందే అని గోల. పేరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఎవరు కన్నారో ఆ మహాతల్లిని అంది.

జాగ్రత్త పడ్డాను కూడా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. క్వారీని మిల్లు చేశాను. రేకుల ఇంటిని మేడ మీద గది చేశాను. చీమకుర్తిని మద్రాసు చేశాను. అన్నీ మార్చి నువ్వుండల్ని నువ్వుండలుగానే ఉంచాను. పిల్లాడు కొరికి అత్తా కారం అన్నాడు అని చెప్పాను. కారమేంటే అని ఎవరో అడిగారు. అందులో శొంఠి వేశారు కదా అన్నాను. నువ్వుండల్లో శొంఠి ఎవడేస్తాడే, ఆ సినిమా తీసినవాడికి వంటొచ్చా అని అందరూ పగలబడి నవ్వారు.

పేరమ్మ నవ్వలేదు. చేతిలో కాయ ఉంది, ముచ్చిక సగం గిల్లి ఉంది, అలాగే ఉండిపోయింది. కాసేపటికి, ఆ పిల్లాడిది ఎవరి పోలికమ్మాయ్ అని అడిగింది. కథ వినేవాళ్ళు అలా అడిగితే చెప్పేవాళ్ళకి ఎంత సంబరమో మీకు తెలియదు. అచ్చం తండ్రే పెద్దమ్మా, అచ్చుగుద్దినట్టు అన్నాను.

అప్పుడు నాకు తెలుసా? శొంఠి అన్న క్షణంలోనే తెలిసిందా, ముసలమ్మ చెయ్యి ఆగినప్పుడు తెలిసిందా, పోలిక అడిగినప్పుడు తెలిసిందా? ఎంత వెనక్కి వెళ్ళి చూసుకున్నా ఆ ఒక్కచోట నాకు స్పష్టంగా కనపడదు. తెలియదు అనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ సాయంత్రం నేను ఎప్పుడూ వచ్చే దారిన కాకుండా పొలాల మీదుగా ఇంటికి వచ్చాను. తెలియనిదాన్ని ఎందుకు అలా వచ్చాను?

ఆ వారంలోనే పేరమ్మ బట్టలు మూట కట్టుకుని చీమకుర్తి బస్సెక్కింది. కోటమ్మ పొలం నుంచి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆమెని నేను ఏమీ అనలేను. మనవణ్ణి చూడాలనిపించింది, చూసింది, వదిలి రాబుద్ధి కాలేదు. కోడలికి మొహం చూపించలేకపోయి ఉంటుంది. అవతల ఇల్లు దొరికింది కాబట్టి సర్దుకుంది. ఇవతల కోటమ్మ ఒక్కతే క్యారియర్ తెచ్చుకుని, మాకు కాస్త దూరంగా కూర్చుని తినేది.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఆ ఇల్లు పేరమ్మది. పేరమ్మ మరిది ఆ ఇంటి మీద కన్నేశాడు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. ఈమె పోరు పడలేకే మా అన్నకొడుకు ఊరొదిలాడు, ఏనాడూ మొగుణ్ణి చూడ్డానికి పోయిన పాపాన పోలేదు, ఇప్పుడు మా వదిన్ని కూడా వెళ్ళగొట్టింది, ఇక ఆ ఇంట్లో ఈమెకేం పని అన్నాడు. అప్పుడు కోటమ్మ మొదటిసారి నోరు విప్పింది. తాను వెళ్ళానంది. ఆ అమ్మాయి చేతి నీళ్ళు తాగానంది. కాపురం చెడగొట్టడం ఇష్టం లేక చెల్లెల్నని చెప్పి వచ్చానంది. నిజమైతే తప్పంతా మొగుడిది, ఇల్లు ఆమెకి ఉండేది. అబద్ధమైతే తప్పు ఆమెది.

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోగా నవ్వారు. చీమకుర్తి దాకా వెళ్ళి కనుక్కొచ్చే పని కూడా ఎవరూ పెట్టుకోలేదు. ఆ కథ అప్పటికే ఊరంతా తిరిగింది. ప్రతి ఇంట్లో మగవాళ్ళకి ఆడవాళ్ళు చెప్పి ఉన్నారు. అది సినిమాలోది కదమ్మా, మాకు తెలీదనుకున్నావా అన్నాడు ఒక పెద్దమనిషి. ఇంకొకాయన, మరీ కనపడ్డ సినిమా అంతా తన కథే అంటే ఎలాగమ్మా అన్నాడు. నేను ఆడవాళ్ళతో కలిసి పక్కన నిలబడి ఉన్నాను. పేరమ్మ మరిది నా వైపు తిరిగి, ఏమ్మా, చూసిందానివి నువ్వే కదా, అది సినిమాలోదేనా కాదా అని అడిగాడు.

కోటమ్మ నా వంక చూసింది. బెదిరింపు లేదు ఆ చూపులో, బతిమాలడం కూడా లేదు. చెబుతానని నమ్మకంగా చూసింది.

నేను తలూపాను. అవునని.

మాట కూడా అనలేదు. ఒక్క తలూపు. కాదు అంటే ఒట్టు తప్పానని తెలుస్తుంది. ఇంతమందికి ఇంత అబద్ధం చెప్పానని తెలుస్తుంది. ఇక షెడ్డులో ఎవరు నా నోటి వంక చూస్తారు? మా ఇంట్లో ఆయన ఏమంటాడు? ఇవన్నీ ఆలోచించాననుకోకండి. ఆలోచించేంత టైము లేదు. తల దానంతటది ఊగింది. సినిమాలో నిద్రపోయానని చెప్పడానికి సిగ్గుపడి ఒక మనిషి ఇల్లు తీసేశాను. ఎన్నిసార్లు రాసినా ఈ వాక్యం ఇంతకంటే చిన్నదవడం లేదు, పెద్దదీ అవడం లేదు.

సినిమా కోటమ్మ అని పేరు పెట్టారు ఆమెకి. ఆమె ఏం చెప్పినా, జ్వరం వచ్చిందన్నా, బస్సు తప్పిపోయిందన్నా, ఇది ఏ సినిమాలోది అనేవాళ్ళు. నేనూ ఆ నవ్వుల్లో ఒకటి రెండుసార్లు నవ్వాను.

ఆమె ఊరొదిలి వెళ్ళే ముందు షెడ్డు వెనక తొట్టి దగ్గరికి వచ్చింది. నేను చేతులు కడుక్కుంటున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మాయ్, ఆ సీను సినిమాలో నిజంగానే ఉందా?"

"ఉందక్కా."

"వరసకి చెల్లెల్ని అనడం కూడానా?"

"అదీ ఉంది."

"శొంఠి?"

చేతులు నీళ్ళలో ఉన్నాయి. మంట తగ్గలేదు.

"శొంఠి కూడా ఉందక్కా."

ఆమె చాలా మామూలుగా అంది.

"అయితే నాలాంటిది ఇంకొకతి ఎక్కడో ఉండే ఉంటదిలే. ఎవరో చెప్పకపోతే సినిమావాళ్ళకి మాత్రం ఎట్టా తెలుస్తది?"

"ఉండే ఉంటదక్కా" అన్నాను.

"మళ్ళీ ఎక్కడన్నా ఆడితే కబురు చెయ్యి. చూస్తాను."

వెళ్ళిపోయింది. గుంటూరులో ఏదో హాస్టల్లో వంటకి కుదిరిందని తర్వాత విన్నాను.

ఆమె నమ్మిందా? శొంఠి దాకా అడిగిన మనిషి నమ్మిందంటారా? నాకు దారి చూపించిందా, ఇక్కడైనా చెప్పు, ఎవరూ లేరు, మనిద్దరమే అని? లేక నిజంగానే, తనలాంటిది ఇంకొకతి ఉందన్న మాట పట్టుకుని బస్సెక్కిందా? రెండింటిలో ఏదైనా నాకు చోటు లేదు. నేను మాత్రం ఆ తర్వాత సినిమా కథలు చెప్పడం మానేశాను. గొంతు పోయిందని చెప్పాను. అదీ అబద్ధమే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో చూస్తూ నవ్వుతోంది. సినిమాల గురించి మాట్లాడుకునే పేజీ. మీరు మర్చిపోలేని సీను ఏది, ఎందుకు అని అడిగారట. జనం రాస్తున్నారు. ఒకటి చదివి వినిపించింది. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుంటున్న పిల్ల ఎవరో రాసింది. మా హాస్టల్లో వంట చేసే పెద్దమ్మ ఒక సీను చెబుతుంది, పెళ్ళాం వెళ్ళి వరసకి చెల్లెల్ని అని చెప్పి వచ్చేస్తుంది, మేం విన్న ప్రతిసారీ ఏడుస్తాం, ఎంత వెతికినా ఆ సినిమా దొరకడం లేదు, పేరు ఎవరికైనా తెలుసా అని. పెద్దమ్మని అడిగితే, ఆ సినిమా చూసిన మనిషి ఒకతే ఉంది, ఆమే చెప్పాలి అంటుంది అని కూడా రాసింది.

కింద ఎంతోమంది సమాధానాలు ఇచ్చారు. తలా ఒక సినిమా పేరు. నేను చూశాను, హాలంతా ఏడ్చింది అని ఒకాయన. హీరోయిన్ పచ్చ చీరలో ఉంటుంది, ఆ సీను ఎలా మర్చిపోతాం అని ఇంకొకావిడ. నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది. పచ్చ చీర కాదు. ఆమె ఆ రోజు కట్టుకెళ్ళింది చీరాల నేత చీర, ఎర్రది, పేరమ్మ కొనిపెట్టింది. ఈ భూమ్మీద ఆ సంగతి ఇంకా గుర్తున్నది మా ఇద్దరికే అయి ఉంటుంది. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టాక తీసి, లేదు అని టైపు కొట్టాను. చెరిపేశాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ చెరిపేశాను.

ఒకరోజు కళ్ళ డాక్టరుకి చూపించుకుంటానని చెప్పి గుంటూరు వెళ్ళాను. బ్రాడీపేటలో ఆటో దిగి అడుగుతూ అడుగుతూ వెళితే ఆ హాస్టల్ దొరికింది. ఎదురుగా జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. గేటు తీసే ఉంది. వరండాలో కోటమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. జుట్టంతా నెరిసిపోయింది. చుట్టూ ఆడపిల్లలు, కొందరి ఒళ్ళో పుస్తకాలు. ఆమె ఏదో చెబుతోంది. మాటలు వినపడలేదు. కానీ చేట పక్కన పెట్టి, చెంబు అందుకున్నట్టు చెయ్యి చాచింది, తాగినట్టు తల ఎత్తింది, నెమ్మదిగా కింద పెట్టింది. ఆడపిల్లలు కదలకుండా చూస్తున్నారు. నాకంటే బాగా చెబుతోంది.

తన కథే తాను సినిమా కథలా చెబుతోంది. నా కథ అని చెబితే ఎవరు నమ్మారని?

లోపలికి వెళ్ళలేకపోయాను. రోడ్డు దాటితే చాలు. వెళ్ళి ఏం చెప్పను? ఆ సినిమాలో నీలాంటిది లేదక్కా అని చెబితే, ఇన్నేళ్ళుగా ఆమెకి తోడున్న ఆ ఇంకొకతిని కూడా నేనే చంపినదాన్నవుతాను. చెప్పకపోతే ఆ పిల్లల చేత అలా వెతికిస్తూనే ఉంటుంది. ఏది చేసినా ఆమెకి నేను చేసేది ఇంకో చెడే. ఇలాంటి చోట మంచివాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. జిరాక్స్ షాపతను ఏం కావాలమ్మా అని అడిగాడు. ఏమీ వద్దు బాబూ అని చెప్పి తిరిగి ఆటో ఎక్కాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమిటని మా అమ్మాయి అడిగితే మందు వేశారన్నాను.

ఆ సీను ఎందుకు మర్చిపోలేకపోతున్నారని ఆ పేజీలో జనం రకరకాలుగా రాశారు. త్యాగమని, సంస్కారమని, పాత సినిమాల గొప్పతనమని. అదేం కాదు. అది ఎవరో రాసింది కాదు కాబట్టి. ఒక మనిషి నిజంగా ఎండలో నడిచి వెళ్ళి, నిజంగా ఆ నీళ్ళు తాగి, ఆ మాట అన్నది కాబట్టి. దొంగిలించి చెప్పినా దాని బరువు తగ్గలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించడానికి పోయింది మీ ఇల్లు కాదు. ఆమెని అడిగే మొహం నాకు లేదు. ఇది రాసినందువల్ల ఆమెకి ఒరిగేది కూడా ఏమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది, ఆ సంగతి కూడా సిగ్గుపడుతూనే చెబుతున్నాను. తొట్టి దగ్గర ఆమె అడిగిన ప్రశ్నకి సమాధానం ఇన్నాళ్ళూ బాకీ ఉండిపోయింది. అది ఇక్కడ రాసి వెళతాను. ఎవరైనా ఆ పిల్లలకి చదివి వినిపిస్తే వినిపిస్తారు, లేకపోతే లేదు.

లేదక్కా. ఆ సీను ఏ సినిమాలోనూ లేదు. నేను నిద్రపోయాను.